పెట్టెల్లో దాచిన ఎర్ర కంబళ్ళు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మొదటే ఒప్పుకుంటే, తప్పెవరిదని చదివేవాళ్ళు తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ఎల్లారెడ్డి శివార్లలో మిషను వాళ్ళు దిక్కులేని ముసలివాళ్ళ కోసం ఒక ఇల్లు నడిపేవారు. అక్కడికి నేను నర్సుగా వెళ్ళాను. వెళ్ళిన నెలలోనే బియ్యం కొలవడం, తగవులు తీర్చడం, తాళంచెవులు నడుముకు దోపుకొని తిరగడం కూడా నా నెత్తిన పడ్డాయి. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఆలస్యమైందా, ఇక లేనట్టేనా అన్నది మా అమ్మానాన్నల మధ్య ఇంకా తేలలేదు. నిజాం సాగర్ కట్టి కొన్నేళ్ళయింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు.

ఇంట్లో పద్దెనిమిది మంది ఉండేవారు, పదకొండు మంది అవ్వలు, ఏడుగురు బాపులు. హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. కూలిపని చేసి నడుము పోయినవాళ్ళు, ఎకరమో రెండెకరాలో ఉండి పోగొట్టుకున్నవాళ్ళు. ఎవరికీ వెనక మనిషి లేడు. ప్రతి ఒక్కరి మంచం కింద మాత్రం తాళం వేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. అందులో ఏముందో అడగకూడదు. అడిగితే ఆ పూట అన్నం ముట్టరు.

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ ఒకటే పని, ఎండ వెంట తిరగడం. ఎల్లారెడ్డిలో ఒక వైపు అడవి, ఒక వైపు వరిపొలాలు. రెండు వైపులా చలి వచ్చి మా వాకిట్లోనే కలుసుకునేది. పొద్దున్నే వంటింటి గోడకు ఎండ తగలగానే పద్దెనిమిది చాపలు అక్కడికి చేరేవి. మధ్యాహ్నానికి బావి దగ్గరికి, పొద్దువాలేసరికి గేటు పక్కకు జరిగేవి. ఈ జరగడంలో ప్రతిరోజూ ఒక తగవు వచ్చేది, ఎందుకంటే గోడ పొడవు పద్నాలుగు మందికే సరిపోయేది.

ఆ తగవు తీర్చడానికి ఒక బాపు ఉండేవాడు. ముప్పై ఏళ్ళు తహసీలు కచేరీ గడప ముందు చప్రాసీగా నిలబడి వచ్చినవాడు. అక్కడ ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఎండలో నిలబెట్టాలో తేల్చిన మనిషి, ఇక్కడ ఎవరిని ఎండలో కూర్చోబెట్టాలో తేల్చేవాడు. ఆయన దృష్టిలో దగ్గు ఉన్నవాళ్ళకు మొదటి హక్కు. అందుకని చలికాలంలో మా ఇంట్లో దగ్గు లేనివాళ్ళు కూడా దగ్గేవాళ్ళు. నేను వచ్చి నాడి పట్టుకుంటే ఆపేసేవాళ్ళు.

ఎండలో ఊరికే కూర్చోనిచ్చే రకం కాదు నేను. చేటల్లో అనపకాయలు పోసి ముందు పెట్టేదాన్ని. ఒలిచిన గింజల్లో సగమే కుండలో పడేవి. పళ్ళున్నవాళ్ళు నోట్లో వేసుకునేవారు, పళ్ళు లేనివాళ్ళు తర్వాత ఉడకబెట్టించుకోవచ్చని కొంగున మూటకట్టుకునేవారు. కాయలైపోతే పాత చీరలు పొరలుపొరలుగా పరిచి బొంతలు కుట్టేవారు. చూపు లేని అవ్వ ఒకామె సూదిలో దారం నాలుక మీద పెట్టి ఎక్కించేది. చూపున్న నేను పదిసార్లు తప్పేదాన్ని. ఇక వేడినీళ్ళ స్నానానికి ఎవరు ముందన్న గొడవ వేరే. ముందు మేం పోసుకోం అని ప్రతి ఒక్కరూ వెనక్కి జరిగేవారు.

బొంతలు కుట్టేవాళ్ళకు నాయకురాలు డోంగ్లి అవ్వ. మా వైపు ఆడవాళ్ళను తల్లిగారి ఊరి పేరుతో పిలుస్తారు. అందుకని డెబ్భై దాటినా ఆమె డోంగ్లి అవ్వే. పన్నెండేళ్ళకు కాపురానికి వచ్చి, ఆ మరాఠీ సరిహద్దు ఊరిని మళ్ళీ నాలుగైదుసార్ల కంటే చూడలేదట. అక్కడ ఆమె వాళ్ళందరూ పోయారు, ఇల్లు కూలింది. అయినా “మా డోంగ్లిల” అనకుండా మాట మొదలుపెట్టేది కాదు. మా డోంగ్లిల జొన్నలు ముత్యాల లెక్క ఉంటయి. మా డోంగ్లిల బర్రెలు పిలిస్తె వస్తయి. ఒకరోజు గజగజ వణుకుతూ కూడా, “మా డోంగ్లిల చలి గూడ మర్యాదగ ఉంటది,” అంది.

మనిషి పిడికెడు, నోరు ఊరంత. నాకూ ఆమెకూ రోజుకు రెండుసార్లయినా పడేది. ఆమె అంటే నాకు ఇష్టమని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఎవరైనా అంటే కొట్టేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు, మా మిషను దొరసాని వాళ్ళ దేశం నుంచి కంబళ్ళ మూట ఒకటి వచ్చింది. కామారెడ్డి స్టేషనుకు నేనే వెళ్ళి విడిపించుకొని, బస్సు మీద వేయించుకొని తెచ్చాను. విప్పితే ఎర్రటి కంబళ్ళు, మెత్తనివి, దళసరివి. గొంగడి లాగ గుచ్చుకోవు. మనిషికొకటి ఇచ్చాను. చప్రాసీ బాపు అందరి చేతా కాగితం మీద వేలిముద్రలు వేయించాడు. ఎవరూ అడగలేదు, కానీ వేలిముద్ర లేకుండా ఒక వస్తువు చేతులు మారితే ఆయనకు నిద్ర పట్టదు. అవ్వలు కంబళ్ళను చెంపలకు ఆనించుకొని చూసుకున్నారు. డోంగ్లి అవ్వ ముద్దు కూడా పెట్టుకుంది. ఈ చలికాలం దగ్గు మందు మిగులుతుందని నేను సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున గోడ దగ్గర పద్దెనిమిది మంది, పద్దెనిమిది పాత బొంతలు, చిరిగిన గొంగళ్ళు. ఎరుపన్నది మచ్చుకైనా లేదు.

“కంబళ్ళేవి?” అన్నాను.

“ఉన్నయి,” అన్నారు అందరూ.

“ఎక్కడ?”

లోపలికి వెళ్ళి చూస్తే ప్రతి మంచం కింద పెట్టె మూత కొద్దిగా పైకి లేచి ఉంది. లోపల కంబలి కుక్కి, పైన కూర్చొని తాళం వేసినట్టున్నారు.

ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను. ఒకామెకు ఎరుపు పడదట, కళ్ళు తిరుగుతాయట. ఒక బాపు కంబలి కప్పుకుంటే మరీ వెచ్చగా ఉండి మెలకువ రావడం లేదన్నాడు. “రాత్రి కప్పుకున్నవా మరి?” అంటే, “లే, అట్లయితదేమో అని,” అన్నాడు. చర్చికి వెళ్ళే అవ్వ ఒకామె, పండుగ నాడు కప్పుకుంటానంది. పండుగ వచ్చింది, పోయింది. ఆమె పాత బొంతతోనే వచ్చి పాటలు పాడి, వణుకుతూ కేకు తిని వెళ్ళింది. నేను గొంతు పెంచితే చప్రాసీ బాపు లేచి నిలబడ్డాడు.

“నర్సమ్మా, ఒక్క మాట. గీ కంబళ్ళు మాకు ఇచ్చిన్రా, అరువిచ్చిన్రా?”

“ఇచ్చినం.”

“ఇస్తె మావి. మావైతె కప్పుకుంటమా, పెట్టెల పెట్టుకుంటమా, అది మా ఖుషి. కాయిదా గట్లనే ఉన్నది.”

ఆ రూలు ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. ఆయన తన నుదురు చూపించాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, డోంగ్లి అవ్వకు నిజం దగ్గు రాకపోతే. మొదట గోడ దగ్గర చోటు కోసం దగ్గుతోందనుకున్నాను. నాడి పట్టుకున్నా ఆగలేదు. ఒళ్ళు కాలుతోంది, ఊపిరి పిల్లిపిల్ల గురక లాగ వినపడుతోంది. వారానికోసారి కామారెడ్డి నుంచి బస్సులో వచ్చే డాక్టరు ఆమె వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

“ఛాతీకి చలి పట్టింది. మందు ఇస్తాను గానీ, మందు కంటే వెచ్చదనం ముఖ్యం. ఇంకోసారి చలి గట్టిగా తగిలితే ఈమె మాఘం చూడదు. మంచి కంబలి ఏదీ లేదా?”

“ఉంది.”

“ఎక్కడ?”

“పెట్టెలో.”

డాక్టరు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. నర్సు అంటే రోగి పెట్టెలోంచి కంబలి తీయించలేదా అన్నట్టు చూశాడు. అంత తేలిక కాదని ఆయనకేం తెలుసు. ఆయన బస్సెక్కగానే నేను డోంగ్లి అవ్వ మంచం దగ్గరికి వెళ్ళి, పెట్టె తాళంచెవి ఇమ్మన్నాను. ఆమె మంచం దిగి, పెట్టె ముందుకు లాగి, దాని మీద కూర్చుంది. లేవమన్నాను. లేవలేదు. అక్కడే దగ్గింది, అక్కడే గంజి తాగింది, పొద్దు గూకేదాకా అక్కడే ఉంది. నేను ఆమెకు రెండు పాత బొంతలు కప్పి, కుంపటి దగ్గర పెట్టించి, తిట్టుకుంటూ వెళ్ళాను. బొంతలు చలిని ఎంత ఆపుతాయో నాకు తెలుసు. ఆ వారమంతా భయపడుతూనే ఉన్నాను. భయపడితే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. వంటామె ఆ వారం రెండుసార్లు పని మానేస్తానంది.

ఇంతలో దొరసాని వస్తున్నట్టు ఉత్తరం. కంబళ్ళు పంపినవాళ్ళకు పంపడానికి ఫోటో తీసుకుంటుందట, అందరూ కప్పుకొని కూర్చోవాలట. నేను గోడ దగ్గర నిలబడి ఉత్తరం చదివి వినిపించాను. మిగతా పదిహేడు మందీ చప్రాసీ బాపు వైపు చూశారు. ఆయన కాసేపు ఆలోచించి, “ఇచ్చినోళ్ళు అడిగితె ఒక్క దినం చూపియ్యాలె. అది గూడ కాయిదనే,” అన్నాడు.

దొరసాని మోటారు మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు ఎండ కూడా ఎప్పుడూ లేనంత బాగా కాసింది. నా పద్దెనిమిది మంది ఎర్ర కంబళ్ళు మెడదాకా కప్పుకొని రెండు వరసల్లో కూర్చున్నారు. ముఖాల మీంచి చెమట కారుతోంది. మడతలు విప్పినా పోలేదు. కంబళ్ళన్నీ పలకల్లాగ నిలబడ్డాయి. కదిలినప్పుడల్లా వాటిలోంచి ఎండిన వేపాకు రాలుతోంది. పురుగు పట్టకుండా లోపల వేసుకున్నారు. దొరసాని తెలుగు బాగా నేర్చుకుంది, అయితే చర్చి పుస్తకంలో ఉన్న తెలుగు. “మీరందరును సుఖముగా ఉన్నారా?” అని అడిగి, డోంగ్లి అవ్వ భుజం మీంచి ఒక ఆకు తీసి, “ఇది యేమి?” అంది.

నేను నోరు తెరిచేలోపు చప్రాసీ బాపు సలాం చేశాడు. “మేమ్ సాబ్, కొత్త బట్టకు వేపాకు మా దగ్గర ఇజ్జత్.”

దొరసాని ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకుంది. ఏ దేశంలో ఏ చర్చి పత్రికలో అది మా ఆచారంగా అచ్చయిందో నాకు తెలియదు.

ఆ ఫోటో తీయడం గంటసేపు సాగింది. ఆ గంటలో నేను ఒకటి గమనించాను. డోంగ్లి అవ్వ ఒక్కసారి కూడా దగ్గలేదు. ముఖంలోకి రంగు వచ్చింది. కళ్ళు మూసుకొని, కంబలి అంచు గడ్డం కిందికి లాక్కొని, హాయిగా కూర్చుంది. వెచ్చదనం కోసం ఆ ఒళ్ళు ఎంతగా మొహం వాచి ఉందో కళ్ళారా చూశాను.

మోటారు దుమ్ము ఇంకా సర్దుకోలేదు. కంబళ్ళు మడతలు పడడం మొదలైంది. రాలిన వేపాకు ఏరి మళ్ళీ లోపల వేస్తున్నారు. డోంగ్లి అవ్వ కంబలి తీసిందో లేదో దగ్గు అందుకుంది. దగ్గుతూనే మడత పెడుతోంది. నేను వెళ్ళి కంబలి ఒక కొస పట్టుకొని లాగాను. ఆమె రెండో కొస వదల్లేదు. నేను లాగాను, ఆమె లాగింది. ఇరవై ఎనిమిదేళ్ళ నర్సు, డెబ్భై దాటిన రోగి, వాకిలి నడుమ. చివరికి ఆమె కింద కూలబడింది, కంబలి మాత్రం వదల్లేదు.

“నీకు చావాలని ఉందా అవ్వా?” అని అరిచాను. అంత గట్టిగా అరవాల్సింది కాదు.

ఆమె దగ్గు ఆగేదాకా ఆగి, మెల్లగా అంది. “సచ్చుడు నా చేతుల లేదు నర్సమ్మా. సచ్చినంక ఏం కప్పుతరో అది గూడ నా చేతుల లేదు. గీ కంబలి ఒక్కటే నా చేతుల ఉన్నది.”

నాకు అర్థం కాలేదు.

“మొన్న వానకాలం నా పక్క మంచం ఆమె పోయింది గద. ఏం కప్పినవ్?”

అప్పుడు గుర్తొచ్చింది. దుప్పటి కప్పాను. స్టోరు గదిలోంచి బాగా ఏరి, పాతది, నడుమ అతుకున్నది తీసి కప్పాను. కొత్తవి బతికున్నవాళ్ళకు పనికొస్తాయి కదా అనుకున్నాను. అంతే కాదు, అట్లా పొదుపు చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు వాకిట్లో నిలబడిన ఈ పద్దెనిమిది మంది ఆ అతుకు వైపే చూశారన్నమాట. నేను చూడలేదు.

మా వైపు ఆడమనిషి పోతే తల్లిగారింటి నుంచి కొత్త చీర రావాలి. మగవాడికి అత్తగారింటి నుంచి పంచె రావాలి. అది రాకుండా పోయినవాళ్ళను దిక్కులేకుండా పోయారంటారు. నా పద్దెనిమిది మందికి తెచ్చేవాళ్ళెవరూ లేరు. బతికినన్నాళ్ళూ ఎట్లాగూ దిక్కులేదు, పోయేనాడైనా ఒంటి మీద కొత్త బట్ట ఉండాలని, ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిన కంబళ్ళను అందుకోసం దాచుకున్నారు. పూడ్చేవాళ్ళూ కాల్చేవాళ్ళూ అన్న తేడా లేకుండా అందరూ ఒక్కటే ఆలోచించారు. ఆ కంబలి పదిలంగా ఉండాలని చలిలో వణికారు. వాళ్ళను చావు వైపు నెట్టింది నా పొదుపే. పోయి ఆ వాకిట్లోనే ఆమె పక్కన చతికిలబడ్డాను.

“తప్పయింది అవ్వా. నీకు కొత్తదే కప్పుత. మాటిస్తున్న. నువ్వు కంబలి కప్పుకో.”

“మాట కప్పుకుంటె చలి ఆగుతదా?” అంది.

“మరి నన్నేం చేయమంటవ్?”

“చీర నా కండ్ల ముందర ఉండాలె. అది గూడ ఎవరు పడితె వాళ్ళు తేవద్దు. తల్లిగారు తేవాలె.”

“నీకు తల్లిగారు లేరు కదా అవ్వా.”

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. సంతలో ఎద్దును చూసే చూపు అది. “నాకొక తమ్ముడుండె,” అంది. “ఏడేండ్లప్పుడు జరమొచ్చి పోయిండు. వాడు బతికుంటె పెండ్లి చేసుకోకపోవునా? నీకు పెండ్లి కాలె. వానికీ కాలె.”

చప్రాసీ బాపు దగ్గరికి జరిగాడు. “జోడీ మంచిగనే ఉన్నది.”

“ఆమె కిరస్తానం గద,” అంది చూపు లేని అవ్వ.

“మా తమ్ముడు ఏమనడు. మెత్తనోడు,” అంది డోంగ్లి అవ్వ.

“బతికుంటే ఆయనకు ఇప్పుడు అరవై దాటుతాయి,” అన్నాను నేను. అంత అవమానంలోనూ వయసు లెక్క తప్పించుకోలేకపోయాను.

“మగోనికి వయసేంది,” అన్నాడు చప్రాసీ బాపు.

డాక్టరు మాట చెవిలో మోగుతోంది. ఇంకోసారి చలి తగిలితే ఈమె దక్కదు. పెళ్ళికొడుకు గురించి ఆలోచించే వ్యవధి లేదు. సరే అన్నాను. ఆ విధంగా పట్టపగలు, పద్దెనిమిది మంది సాక్షిగా, ఎప్పుడో పోయిన ఏడేళ్ళ పిల్లవాడితో నా సంబంధం ఖాయమైంది. నాకు భర్త రాలేదు గానీ ఆడబిడ్డ వచ్చింది. ఈ సంగతి మా అమ్మకు ఉత్తరంలో రాయలేదు.

మర్నాడే బస్సెక్కి కామారెడ్డి వెళ్ళాను. బట్టల దుకాణం సేటు, చీర ఎవరికమ్మా అని అడిగాడు. “మా ఆడబిడ్డకు,” అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఆయన చేతిలో ఉన్న చీరను పక్కన పడేసి, “అట్లయితే ఇది పనికిరాదు. ఆడబిడ్డకు తక్కువది కొంటె జన్మంతా మాటలు మీరే వింటరు,” అని పై అరలోంచి ఇంకొకటి తీశాడు. ముదురాకుపచ్చ నేతచీర, మంచి గట్టిది.

డోంగ్లి అవ్వ ఆ చీరను ఎండకు ఎత్తి పట్టి చూసింది. గిల్లి చూసింది. వాసన చూసింది. అవ్వలందరూ చుట్టూ చేరి చేతులతో తడిమారు. నేను పరీక్ష రాసిన పిల్లలాగ నిలబడ్డాను.

“నేత పల్చగున్నది. మా తమ్ముడుంటె గిట్ల తెచ్చునా?” అంది.

“మీ తమ్ముడు ఉంటే నన్ను చేసుకునేవాడే కాదు. ఇష్టముంటే తీసుకో, లేకపోతే ఇయ్యి.”

ఆమె చీరను గభాల్న ఒళ్ళో పెట్టేసుకుంది. పెట్టె తెరిచి, కంబలి బయటికి లాగి, దానిలోని వేపాకంతా చీర మడతల్లో వేసి, తాళం పెట్టి, తాళంచెవి రొంటిన దోపుకుంది. తర్వాత కంబలిని తల మీంచి కాళ్ళదాకా చుట్టుకొని మంచం మీద కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినపడింది.

“ఎంత వెచ్చగున్నదే! ఇన్నొద్దుల సంది జర చెప్పకపోతివి?”

నాకు ఏడ్వాలో నవ్వాలో తెలియలేదు. వంటామె నవ్వింది గనక నేనూ నవ్వాను.

మిగతా పదిహేడు మంది ఊరుకుంటారా? ఆ సాయంత్రమే మొదలైంది. ఒక అవ్వకు నేను మేనకోడలిని. ఇంకొకామెకు అన్న కూతురిని. చర్చి అవ్వ, అందరం దేవుని బిడ్డలమే గనక నేను ఎట్లాగూ చెల్లెలినేనంది. చప్రాసీ బాపు పద్ధతి తప్పకుండా, ఆరోగ్యం బాగోలేదని మొదలుపెట్టి నోటితోనే దరఖాస్తు చదివాడు. ఆయనకు అత్తగారిల్లు లేదు, నన్ను ఆయన భార్యకు చెల్లెలిగా మంజూరు చేయాలట. కామారెడ్డిలో పదిహేడు మందికి బట్టలు కొనడం నా వల్ల కాదు. స్టోరు గదిలోకి వెళ్ళి ఆలోచిస్తూ బీరువా తెరిచాను. అందులో మడత విప్పని తెల్లటి దుప్పట్లు దొంతరగా ఉన్నాయి. నేనే దాచాను. ఎప్పుడైనా పెద్దవాళ్ళు తనిఖీకి వస్తే పరచాలని రెండేళ్ళుగా తాళం వేసి ఉంచాను, మడతల్లో వేపాకు వేసి మరీ. మా వాళ్ళకు నేను నేర్పానో, నాకు వాళ్ళు నేర్పారో తెలియదు.

దుప్పట్లన్నీ తెచ్చి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఏ వరస చెప్పమంటే ఆ వరస చెప్పి చేతిలో పెట్టాను. వేలిముద్రలు పడ్డాయి. బీరువా ఖాళీ అయింది. మర్నాడు పొద్దున వంటింటి గోడ ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎర్రగా ఉంది. దారిన పోయే బండ్లవాళ్ళు ఆగి చూశారు.

డోంగ్లి అవ్వ దగ్గు పదిరోజుల్లో తగ్గుముఖం పట్టింది. డాక్టరు వీపు మీద చెవి పెట్టి విని, గండం గడిచిందన్నాడు. నా గండం అప్పుడే మొదలైంది. ఒంట్లో బలం వచ్చేకొద్దీ ఆడబిడ్డతనం కూడా వచ్చింది. “ఏమే మరదలా, జుట్టు గట్లనేనా దువ్వుకునేది?” “ఏమే మరదలా, పప్పుల ఉప్పేసిన్రా, మరిసిన్రా?” “మా తమ్ముడు అదృష్టమంతుడు, ముందుగాలనే పోయిండు.” డాక్టరు ముందు కూడా అనేది. ఆయన మర్యాదగా కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను ఎదురు చెబితే గోడ దగ్గర అందరూ ఆమె వైపే. ఆడబిడ్డకు ఆ మాత్రం హక్కు ఉంటుందట.

మాఘం చివర చలి వెనకపట్టు పట్టాక, బండ్లవాళ్ళు ఒకామెను మా గేటు దగ్గర దింపి వెళ్ళారు. కామారెడ్డి రోడ్డు మీద పడి ఉందట. చాలా ముసలిది. మాట లేదు. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఒంటి మీద చిరిగిన గుడ్డ తప్ప మూట కూడా లేదు. రెండు రోజులు చెంచాతో గంజి పోశాం. మూడోరోజు పొద్దున పోయింది.

నేను స్టోరు గదికి వెళ్ళి బీరువా తెరిచాను. ఖాళీ. అడుగున ఒకే ఒక్క దుప్పటి ఉంది, అతుకులది. కామారెడ్డి బస్సు మర్నాటిదాకా లేదు. ఎల్లారెడ్డిలో ఆ రోజు సంత కాదు. ఆ దుప్పటిని చేత్తో పట్టుకొని నిలబడ్డాను. దాన్ని బయటికి ఎట్లా తీసుకెళ్ళాలో, వాకిట్లో వాళ్ళ ముఖాలు ఎట్లా చూడాలో తెలియలేదు. నా పెట్టెలో ఉన్న చీరల్లో ఏది కొత్తగా కనపడుతుందా అని ఆలోచిస్తున్నాను.

వెనక నుంచి డోంగ్లి అవ్వ వచ్చింది. ఎర్ర కంబలి భుజాల మీద ఉంది. చేతిలో ఆకుపచ్చ చీర ఉంది.

“పాపం, దాని తల్లిగారు ఎవరో ఏమో,” అంది. “ఇగో, ఇది కప్పు.”

“అవ్వా, ఇది నీ చీర.”

“నాది నాకొస్తది. నాకు తల్లిగారున్నరు గద.”

కంబలి కోసం పెట్టె మీద రోజంతా కూర్చున్న మనిషి. మాట కప్పుకుంటే చలి ఆగుతుందా అని నన్ను నిలదీసిన మనిషి. ఇప్పుడు ఆమె పెట్టెలో నా మాట తప్ప ఇంకేమీ లేదు. నేను చీర మడతల్లోంచి వేపాకు ఏరడం మొదలుపెట్టాను. ఆమెకు ఆ ఆలస్యం నచ్చలేదు.

“ఏమే, తెస్తవు గద?” అని గద్దించింది.

అప్పటిదాకా ఆమెను నేను అవ్వా అనే పిలిచాను.

“తెస్త వదినె,” అన్నాను.